జట్టు మీద కట్టిన పొట్టేలు

మా ఊళ్ళో నన్ను మంచివాడంటారు. అది తప్పని చెప్పడానికి రెండుసార్లు గట్టిగా ప్రయత్నించాను. రెండుసార్లూ ఇంకాస్త మంచివాణ్ణై బయటపడ్డాను. నోటితో చెబితే నమ్మేలా లేరు కనుక ఇప్పుడు రాస్తున్నాను.

మాది కొత్తకోటలో పెద్దరోడ్డు దిగి లోపలికి వెళ్తే వచ్చే ఊరు. నేను ఊరి బయట కరెంటు సబ్‌స్టేషన్‌లో ఆపరేటర్ని. మా వాళ్ళంతా గొర్లకాపరులే. నేను డిగ్రీ చదివి ఉద్యోగంలో పడ్డాక కూడా మా ఇంటి వెనక దొడ్డిలో గొర్లు అలాగే ఉన్నాయి. అమ్మేద్దామంటే మా ఆవిడ ఒప్పుకోలేదు. "కరెంటు పోతది, మళ్లొస్తది. గొర్లు గట్ల పోయి రావు" అని ఆమె మాట. మా చిన్నాయిన కొడుకు మాత్రం పూర్తిగా మంద మీదే బతికేవాడు. నాకన్నా చిన్న. అతని దొడ్డికీ మా దొడ్డికీ మధ్య ఒకటే గోడ. నేను అన్యాయం చేసింది అతనికే.

తెలంగాణ వచ్చిన కొత్తలోనే టీవీలోకి కబడ్డీ కూడా వచ్చింది. రంగురంగుల బట్టలు, మెత్తటి మైదానం, ఆటగాడు తొడ కొడితే వేలమంది అరవడం. చిన్నప్పుడు చెలకల్లో ఆడి మోకాళ్ళు చెక్కుకుపోయి ఇంట్లో తన్నులు తిన్న ఆట ఇదేనా అని మాకు ఆశ్చర్యం వేసింది. ఆ ఆశ్చర్యంలోనే పెళ్ళిళ్ళై పిల్లలున్న మేమంతా మళ్ళీ నిక్కర్లు తొడిగాం. మహబూబ్‌నగర్‌లో జెర్సీలు వేయించాం. నా వీపు మీద కెప్టెన్ అని వేయమంటే, జెర్సీలవాడు ఫోనులో నా గొంతు విని భయపడ్డాడో ఏమో, "కెప్టెన్ గారు" అని వేశాడు. తిరిగి వేయించే ఓపిక లేక అలాగే తొడుక్కున్నాను. అవతలి జట్టువాళ్ళు నన్ను పట్టి కింద పడేసి, "లేవుండ్రి కెప్టెన్ గారు" అనేవారు.

మా జట్టులో నిజంగా ఆట వచ్చినవాడు ఆ గోడవతలి తమ్ముడొక్కడే. ఎడమవైపు చివర, కార్నర్‌లో నిలబడేవాడు. గొర్రెకు మందు తాగించేటప్పుడు మంద మధ్యలోకి వంగి నడిచి, అది బెదిరేలోపు వెనక కాలు ఎలా అందుకుంటాడో, కూతకు వచ్చిన మనిషి కాలూ అలాగే అందుకునేవాడు. పడినవాడు పడ్డాక గానీ తనను ఎవరు పట్టారో చూసుకునేవాడు కాదు. ఆట అయ్యాక అందరం మా మా గొప్పలు చెప్పుకుంటుంటే, అతను ఒక పక్కన కూర్చుని పల్లేరుకాయలు ఏరుకునేవాడు.

ఒక ఎండాకాలం కొత్తకోటలో చుట్టుపక్కల ఊళ్ళ జట్లకు పోటీలు పెట్టారు. మేం ఎలాగో ఫైనల్ దాకా వచ్చాం. ఎలాగో అని ఎందుకన్నానంటే, ఒక జట్టు పెళ్ళికి పోయి ఆటకు రాలేదు, ఇంకొక జట్టును తమ్ముడు ఒక్కడే ఓడించాడు. ఫైనల్‌లో మా మీదికి వచ్చింది పక్క మండలం కుర్రాళ్ళ జట్టు. వాళ్ళకు పొట్టల్లేవు. వాళ్ళను చూడగానే నాకు విషయం అర్థమైంది.

ఆట చూడవచ్చినవాళ్ళు పందేలు కట్టడం మా దగ్గర మామూలే. షర్తు అంటారు. పెద్దరోడ్డు పక్కన హోటల్ నడిపే ఒకాయన వాటిని చూసేవాడు. డబ్బు ముట్టేవాడు కాదు. "పైసలైతే కేసయితది. పొట్టేలుకు కేసెక్కడిది? ఎవలన్న అడిగితే సంతకు తోల్కపోతున్ననంటే అయిపాయె" అనేవాడు. పొట్టేలుకు పొట్టేలు. ఓడినవాడు తన పొట్టేలును తెచ్చి హోటల్ వెనక కొట్టంలో కట్టేయాలి, గెలిచినవాడు వచ్చి తోలుకుపోవాలి. ఎవరెవరికి జత కట్టాడో ఆయన ఎవరికీ చెప్పడు. ఆయన కమీషన్ తలకాయ. గెలిచిన పొట్టేలును కోసినప్పుడు తలకాయ ఆయనకు పంపాలి.

ఫైనల్ రోజు ఉదయం నేను చాయ తాగే నెపంతో ఆయన దగ్గరికి వెళ్ళాను.

"ఏం కెప్టెన్ సాబ్, కడుతవా?"

"కడుత. మేం ఓడుతమని కట్టు."

ఆయన పోస్తున్న చాయ ఆపాడు. "ఆడేది నువ్వే గద?"

"ఆడుత. గెలిసేటందుకే ఆడుత. ఇది ఊకె, ఒకవేళ ఓడితే మనసుకు జర నిమ్మళముంటదని."

"ఇన్సూరెన్స్ అన్నట్టు."

"ఆఁ, ఇన్సూరెన్సే."

ఆ మాట నాకు చాలా నచ్చింది. బర్రెకు చేయిస్తాం, బండికి చేయిస్తాం, జట్టుకు చేయిస్తే ఏం పోయింది. గెలిస్తే షీల్డు, ఓడితే కూర. బీమా చేయించిన గడ్డివాము కాలితే మొదట ఎవరిని అడుగుతారో ఆ పూట నాకు తట్టలేదు.

ఒక్క పాయింటు తేడాతో ఓడిపోయాం. ఆఖరి కూతకు వెళ్ళింది నేనే.

మరునాడు హోటలాయన ఫోన్ చేశాడు. "నీ సామాను వచ్చింది." ట్రాలీ ఆటో మాట్లాడుకుని వెళ్ళాను. కొట్టంలో నల్లటి పొట్టేలు. నుదుటి మీద తెల్ల మచ్చ. ఎడమ కొమ్ము లోపలికి వంకర తిరిగి, చెవిని గోకుతున్నట్టు ఉంది. ఆ కొమ్ము ఆ చుట్టుపక్కల ఊళ్ళన్నిటిలో ఒక్క పొట్టేలుకే ఉంది. మా గోడవతల పుట్టి, మా గోడ మీదుగా తల పెట్టి మా ఆవిడ చేతి జొన్నలు తిని పెరిగిన పొట్టేలు అది. నన్ను చూడగానే దగ్గరికి వచ్చి నా జేబు వాసన చూసింది.

"నిన్ను గుర్తుపట్టినట్టున్నది" అన్నాడు హోటలాయన.

"గొర్లన్ని గట్లనే చేస్తయి" అన్నాను.

తమ్ముడు మేం గెలుస్తామని కట్టాడన్నమాట. నేను ఓడుతామని కట్టాను. ఆ మహానుభావుడు ఒకే ఊరి రెండు పొట్టేళ్ళను ఒకదానికొకటి జత కట్టి, మధ్యలో తలకాయ తన కింద వేసుకున్నాడు.

అప్పుడే దాన్ని అక్కడ వదిలేసి వచ్చి ఉంటే ఈ రాత అవసరం ఉండేది కాదు. కానీ వదిలేస్తే ఎందుకు వదిలేశావని హోటలాయన అడుగుతాడు. ఇంటికి తీసుకుపోతే ఉన్నది ఒకటే గోడ. చివరికి కొల్లాపూర్ దగ్గర మా అత్తగారి ఊరికి తోలాను. ఇది మొక్కు పొట్టేలు, నేను చెప్పేదాకా కోయవద్దు అన్నాను.

"ఏ దేవునికి మొక్కినవు అల్లుడా?" అని అడిగింది మా అత్త.

"ఇంక అనుకోలేదు" అన్నాను.

ఆమె ఇంకేమీ అడగకుండా దానికి పసుపు పూసి బొట్టు పెట్టింది. దేవుడెవరో తేలని పొట్టేలు కాబట్టి అందరి దేవుళ్ళ పండుగలకూ దానికి దండం పెట్టేవారు.

ఇంతవరకూ నాది కక్కుర్తి. తప్పు ఆ తర్వాతది.

మా ఊరివాడొకడు కొత్తకోట హోటల్లో చాయ తాగుతుంటే, హోటలాయన మాటల్లో మాటగా, "మీ జట్టుల ఆడేటోడే ఒకడు మీ జట్టు మీద పొట్టేలు కట్టిండు" అన్నాడట. ఆయన అన్నది తమ్ముడి గురించి. సొంత జట్టు గెలుస్తుందన్న నమ్మకానికి మెచ్చుకుని అన్నాడు. విన్నవాడు మరోలా విన్నాడు. మన భాషలో ఆ "మీద" ఉందే, దాన్ని నమ్మడానికి లేదు. కేసు పెడితే మనిషి మీద పెడతాం, ఆశ పెట్టుకున్నా మనిషి మీదే పెట్టుకుంటాం. కోపమొచ్చినా మీదే, ప్రేమ పుట్టినా మీదే. ఓడిపోయి వచ్చిన ఊరికి ఏ అర్థం వినిపిస్తుందో చెప్పనక్కరలేదు.

ఆ మాట ఊళ్ళోకి వచ్చిన రెండో రోజు పొద్దున పాలకేంద్రం దగ్గర పంచాయితీ కూర్చుంది. పాలు పోసి ఖాళీ క్యాన్లతో అందరూ ఉండే వేళ అదే. మాజీ సర్పంచు మధ్యలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. కెప్టెన్‌ని కాబట్టి నాకూ పక్కన ఒక కుర్చీ వేశారు.

"మన జట్టు మీద పొట్టేలు కట్టినోడు ఎవడో తానే లేవాలె" అన్నాడు సర్పంచు. "లేస్తే మర్యాద. మేం పట్టుకుంటే వేరే ఉంటది."

లేద్దామా వద్దా అని నేను ఇంకా అనుకుంటూనే ఉన్నాను, తమ్ముడు లేచాడు.

"నేనే కట్టిన."

"నువ్వా? మన జట్టు మీదనే?"

"మన జట్టు మీద కాకుంట ఇంకెవల మీద కడుత, సర్పంచ్ సాబ్?"

జనంలో గుప్పున గోల లేచింది. ఇంత పొగరా అని ఒకరు. ఎంత ధైర్యంగా చెప్తున్నడో చూడుండ్రి అని ఇంకొకరు. తమ్ముడు బిత్తరపోయి చూస్తున్నాడు. షర్తులు కట్టడమే తప్పని కొత్తగా పంచాయితీ పెట్టారని అతను అనుకున్నాడు. అతను ఏమనుకున్నాడో, జనం ఏమనుకున్నారో, రెండూ ఒకేసారి అర్థమైన మనిషి అక్కడ నేనొక్కడినే. కుర్చీలో కూర్చునే ఉన్నాను.

పాలలో వెన్న చూసే ఆయన తల ఎత్తకుండానే ఒక మంచి ప్రశ్న వేశాడు. "మరి గెలిసిన పొట్టేలేది?"

"గెలుసుడెక్కడిది? పోయింది" అన్నాడు తమ్ముడు.

"ఏడికి పోయింది?"

"కొత్తకోటకు పోయింది."

"అంటే గాడనే అమ్ముకుండన్నట్టు" అన్నాడు ఒకడు.

ఆ ప్రశ్న ఇంకొక్క అడుగు ముందుకు పోతే నా దాకా వస్తుంది. నేను గొంతు సవరించుకుని, "అయ్యిందేదో అయ్యింది. శిక్ష సంగతి తేల్చుండ్రి" అన్నాను.

సొంత జట్టు ఓడాలని పందెం కట్టిన ఆటగాడికి ఎంత శిక్ష వేయాలి? ఈ విషయం మీద మా ఊళ్ళో అందరికీ ఒక అభిప్రాయం ఉందని ఆ రోజే తెలిసింది.

"గాడిద మీద ఊరేగించాలె" అన్నాడు ఒక ముసలాయన.

"ఊర్ల గాడిదలెక్కడున్నయి తాత?"

"అయితే ట్రాక్టర్ మీద."

"ట్రాక్టర్ మీద ఊరేగిస్తే పెండ్లనుకుంటరు."

"అరమీసం గీకుండ్రి" అని ఇంకొకరు. తమ్ముడికి మీసమే సరిగా రాదని, గీకినా ఎవరికీ తెలియదని కొట్టేశారు. జట్టుకంతా దావత్ ఇవ్వాలన్నారు మా జట్టువాళ్ళు. దావత్ శిక్ష ఎట్లయితది, ఇట్లయితే నెలకొకడు కడుతడు అన్నాడు సర్పంచు. ఒక ఏడాది ఆట బంద్ చేస్తే చాలు, వాడు లేకపోతే మనం ఎట్లాగూ గెలవం అని పాలాయన మళ్ళీ తల ఎత్తకుండా అన్నాడు. చాలామంది తలలూపారు. తేలికగా తేలిపోయేది.

అప్పుడు నేను లేచాను. వీపు మీద అక్షరాలు లేకపోయినా కెప్టెన్ గారిలాగే మాట్లాడాను. ఇది జట్టు పరువుకు సంబంధించిన విషయమన్నాను. తమ్ముడైనా ఎవరైనా నాకు ఒకటేనన్నాను. జన్మలో మళ్ళీ బరిలో అడుగు పెట్టనివ్వొద్దన్నాను. చిన్న శిక్ష వేస్తే ఎందుకు వేశారని జనం రోజూ మాట్లాడుకుంటారు. పెద్ద శిక్ష వేస్తే తప్పు కూడా అంత పెద్దదే అయ్యుంటుందని నోరు మూసుకుంటారు. ఆ లెక్క నాకు ఆ నిమిషంలో ఎవరూ నేర్పకుండానే వచ్చింది.

"అన్నా, నువ్వు గూడ గంతేనంటవా?" అన్నాడు తమ్ముడు.

"రూలు రూలే తమ్మీ."

"పొట్టేలు కట్టినందుకే?"

"పొట్టేలు కట్టినందుకే."

అతను "ఊరంత కడుతరు గదా" అని మెల్లగా అని, క్యాన్ తీసుకుని వెళ్ళిపోయాడు. తమ్ముడని కూడా చూడలేదు, ధర్మం తప్పలేదు అని జనం నన్ను మెచ్చుకున్నారు. మంచివాడినని పేరు రావడం అక్కడ మొదలైంది.

అతనికి అసలు సంగతి తెలియడానికి చాలా రోజులు పట్టింది. చెలకల్లో ఎవరో, "సొంత ఊరు ఓడాలనుకున్నోని మంద మా బోరు కాడికి రావద్దు" అన్నారట. గొర్లను అక్కడే వదిలేసి నేరుగా సబ్‌స్టేషన్‌కు వచ్చాడు. నేను రీడింగులు రాసుకుంటున్నాను.

"అన్నా, నేను మనం ఓడాలని కట్టిననుకుంటున్నరే వీళ్లు" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. అంత పిచ్చి పొరపాటు ఒక్క మాటతో పోతుందని అతని నమ్మకం. "నా మాట ఇంటలేరు. అప్పుడు ఒప్పుకొని ఇప్పుడు మాట మారుస్తున్నవంటున్నరు. నువ్వు జర చెప్పు. నువ్వు చెప్తే ఇంటరు."

"చూద్దాం" అన్నాను.

ఆ మాటకు తలూపి వెళ్ళాడు. చాలాకాలం దాకా చూస్తానేమోననే అనుకున్నాడు. తర్వాత అనుకోవడం మానేశాడు. ఊళ్ళో ఆట ఉన్న రోజున మందను గుట్ట అవతలికి తోలుకుపోయేవాడు. ఈల శబ్దం వినపడనంత దూరం.

అతను లేని జట్టు ఎలా ఆడిందో చెప్పడం బాధగా ఉంటుంది. కూతకు వచ్చినవాళ్ళు మా మధ్యలో నింపాదిగా తిరిగి, మమ్మల్ని పలకరించినట్టు తాకి వెళ్ళేవారు. ఇటు హోటలాయన నాకు ఫోన్ మీద ఫోన్. "తలకాయెప్పుడు?" అని. ఇంకా కోయలేదంటే నమ్మడు. "తలకాయ లేకుంట పొట్టేలు బతుకుతున్నదా?" అని నిష్ఠూరం. ఒకసారి సంతలో వేరే తలకాయ కొని పంపాను. "ఇది గొర్రెది. నన్ను మోసం చెయ్యకు" అని తిప్పి పంపాడు.

మా ఆవిడ తన సొంత తమ్ముడి కూతురి బారసాలకు పుట్టింటికి వెళ్ళింది. తిరిగొచ్చి, కాళ్ళు కూడా కడుక్కోకుండా నా ముందు కూర్చుంది.

"మా అమ్మ కాడ ఒక మొక్కు పొట్టేలున్నది."

"ఊఁ."

"నన్ను చూసి ఉరికొచ్చింది. కొంగుల జొన్నలున్నయేమోనని ఎదికింది. దాని ఎడమ కొమ్ము లోపలికున్నది."

నేను టీవీ వైపు తిరిగాను.

"మా మరిది పొట్టేలును నువ్వు ఏ దేవునికి మొక్కినవు?"

అంతా చెప్పాను. ఆమె తిట్టలేదు. "రేపు పాలకేంద్రం కాడ చెప్పు. చెప్పకపోతే నేనే చెప్త. నేను చెప్తే నీకింక మర్యాద గూడ ఉండది" అని కాళ్ళు కడుక్కోవడానికి లేచింది.

మరునాడు పొద్దున పాలకేంద్రం దగ్గర అందరి ముందూ నిలబడ్డాను. "తమ్ముని తప్పేం లేదు. మనం ఓడుతమని కట్టింది నేను. తమ్ముడు గెలుస్తమని కట్టిండు" అన్నాను. ఈసారి "మీద" వాడలేదు. ఎవరికీ అనుమానం రాకుండా ఒక్కొక్క మాట విడదీసి చెప్పాను.

మాజీ సర్పంచు తువ్వాలతో కళ్ళు ఒత్తుకున్నాడు.

"అన్నంటే గిట్లుండాలె" అన్నాడు.

"కాదు సర్పంచ్ సాబ్, నిజంగనే నేనే."

"మాకు తెల్వదా? వానికి శిక్ష ఏసిన నోరు నీదే. ఏసినప్పటి సంది నీకు అన్నం సయిస్తలేదు. తమ్ముని తప్పు నెత్తికేసుకుంటున్నవు."

నేను ఎంత కాదంటే అంత గట్టిగా అవునన్నారు. వారం తిరిగేలోపు గ్రామ పంచాయతీ ఆఫీసులో సభ పెట్టి నాకు శాలువా కప్పారు. వద్దు వద్దంటూ చేతులు అడ్డం పెట్టుకున్న నా ఫోటో ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టారు. కింద ఎవరో, "వినయం" అని రాశారు.

సాక్ష్యం ఉంటేనే పని జరుగుతుందని కొత్తకోట వెళ్ళి హోటలాయన కాళ్ళు పట్టుకున్నంత పని చేశాను. "నా దందల ఎవడు ఏం కట్టిండో బయట పెట్టను. పెడితే రేపటి సంది నా కాడ చాయ గూడ తాగరు" అన్నాడు. ఇక మిగిలింది పొట్టేలే. కొల్లాపూర్ నుంచి ట్రాలీ ఆటోలో తెచ్చి, ఊరి మధ్యలో, అందరూ చూస్తుండగా దింపాను. పసుపు బొట్లతో ఉన్న ఆ పొట్టేలు ఎవరి వైపూ చూడకుండా, రెండు సందులు తిరిగి తమ్ముడి దొడ్డి ముందు ఆగి అరిచింది.

"చూసిండ్రా? ఇది నా దగ్గరనే ఉండె. గెలిసింది నేను గన్కనే నాకొచ్చింది" అన్నాను.

జనం నిజంగానే చలించిపోయారు. "ఎక్కడెక్కడ తిరిగి ఎతికిండో, తమ్ముని పొట్టేలును మళ్ల కొనుక్కొచ్చిండు" అంది ఒకావిడ. ఆ రోజే అక్కడికక్కడే సర్పంచు తీర్పు చెప్పాడు. అన్న మొహం చూసి తమ్ముణ్ణి మాఫ్ చేస్తున్నామన్నాడు.

తమ్ముడు దొడ్డి తడిక పట్టుకుని అంతా వింటున్నాడు. జనం వెళ్ళాక నన్ను లోపలికి రమ్మని కూడా అనలేదు.

"చెయ్యని తప్పుకు శిక్ష ఏసిండ్రు, ఓర్సుకున్న. ఇప్పుడు చెయ్యని తప్పుకు మాఫీ గూడ ఇచ్చిండ్రు. దీన్నెట్ల ఓర్సుకోవాలె?" అన్నాడు.

"నేను చెప్పిన తమ్మీ. ఎవలు నమ్ముతలేరు."

"అవ్. నువ్వు మంచోనివి గదా."

అతను మళ్ళీ ఆటకు వచ్చాడు. మాఫీ ఇచ్చినందుకు కాదు, ఆట నాది గనుక వస్తున్నానని సర్పంచుతోనే చెప్పాడు. అవతలివాడు కూతకు వచ్చినప్పుడు మేం జతలు జతలుగా చేతులు పట్టుకుని గొలుసులా నిలబడతాం. కార్నర్ పక్కన ఎప్పుడూ నిలబడేది నేను. మొదటి రోజు నేను చేయి చాపితే అతను తన చేయి నిక్కరుకు తుడుచుకుని నడుం మీద పెట్టుకున్నాడు.

"చెయ్యి పట్టరా, గొలుసు తెగుతది" అన్నాను.

"ఊరందరికి నిజం తెలిసిందాంక నీ చెయ్యి పట్ట" అన్నాడు. "ఆట ఆడుత. కాళ్ళు పడుత. నీ చెయ్యి పట్ట."

అప్పటినుంచీ మా గొలుసులో ఎడమవైపు ఒక సందు ఉంది. అవతలి జట్లు కూడా దాన్ని కనిపెట్టాయి. కూతకు వచ్చిన ప్రతివాడూ అక్కడినుంచే దూరతాడు. దూరినవాణ్ణి తమ్ముడు కాలు అందుకుని పడేస్తే పడేస్తాడు, లేకపోతే లేదు. చూసేవాళ్ళు అన్నదమ్ములకు ఏదో చెలక హద్దు పంచాయితీ ఉందనుకుంటున్నారు. అన్న అంత మంచివాడైనా తమ్ముడికి కృతజ్ఞత లేదని కూడా అంటున్నారట. ఆ మాట మా ఆవిడ చెప్పిన రోజే కాగితాలు ముందేసుకున్నాను.

ఇక్కడిదాకా రాసి మొన్న అతనికి చదివి వినిపించాను. గొర్ల గిట్టలు కోస్తూ విన్నాడు. అరమీసం దగ్గర కొంచెం నవ్వాడు. అయిపోయాక కత్తి తుడిచి పక్కన పెట్టాడు.

"ఆఖరి కూత రాయలే" అన్నాడు.

"ఓడినమని రాసిన గదా."

"ఎట్ల ఓడినమో రాయలే. నేను బయట కూసుండి చూసిన. నువ్వు ఒకన్ని తాకినవు. తాకి మర్లినవు. ఇద్దరు నీ నడుం పట్టిండ్రు. గీత నీ చెయ్యికి జానెడు దూరం. నువ్వు ఇంకింత గుంజుకోవచ్చు గదా. దమ్ము సాలలేదా? కావాలని ఆగినవా?"

ఈ ప్రశ్న నన్ను ఇంకెవరూ అడగలేదు. ఊరు నమ్మి ఉంటే ఊరూ అడిగేది. నడుం మీద ఇద్దరి బరువు, నోట్లో దుమ్ము, ఊపిరి తెగిపోతున్న కూత, ఎదురుగా సున్నపు గీత, అన్నీ గుర్తున్నాయి. ఆ జానెడు దూరంలో ఒక్క క్షణం, పోనీలే, కూరైనా ఉంది అన్న ఆలోచన వచ్చిన సంగతీ గుర్తుంది. ఆ ఆలోచన రాకుంటే చేయి అందేదో లేదో మాత్రం తెలియదు. ఎంత తవ్వినా తెలియదు. బీమా లేకుండా ఆడి ఉంటే, ఓడినా అది నా ఓటమి అని తెలిసేది.

"తెల్వదు తమ్మీ" అన్నాను.

"తెల్వదా?"

"నిజంగనే తెల్వదు."

అతను ఇంకో గొర్రెను లాక్కుని ముందు కాలు మడిచాడు.

"గా తెల్వదన్నది గూడ రాయి" అన్నాడు.

"రాస్త. రాస్తే చెయ్యి పడుతవా?"

"రాసింది నువ్వు, ఇన్నది నేను. ఊరు సదవాలె గదా."

మా ఊళ్ళో పుస్తకం చదివేవాళ్ళు తక్కువ. ఉన్నవాళ్ళకు నా మీద గౌరవం ఎక్కువ కాబట్టి, ఇది కూడా నా వినయమే అనుకునే ప్రమాదం ఉంది. అందుకని చదువుతున్న మీకు ఒక విన్నపం. ఎప్పుడైనా కొత్తకోట వైపు వస్తే, పెద్దరోడ్డు దిగి లోపలికి రండి. పొద్దున పాలకేంద్రం దగ్గర అందరూ ఉంటారు. ఇదంతా చెప్పనక్కరలేదు. తమ్ముడు జట్టు గెలవాలని కట్టాడు, అన్న ఓడాలని కట్టాడు, ఆఖరి కూతలో ఏం జరిగిందో అన్నకే తెలియదట, అని మాత్రం చెప్పండి. నేను పంపానని మాత్రం అనకండి.